ఓడవాళ్ల నోట నేర్చిన ఇంగ్లీషు: జోసెఫ్ కాన్రాడ్

1878 జూన్‌లో ఇంగ్లండ్ తూర్పు తీరంలోని లోస్టాఫ్ట్ రేవులో ఇరవై ఏళ్ల యువకుడొకడు దిగాడు. మాతృభాష పోలిష్, ఫ్రెంచి ధారాళంగా వచ్చు, ఇంగ్లీషులో తెలిసినవి కొద్ది మాటలే. తరువాతి కాలంలో ఇంగ్లీషు నవలాకారుల్లో అగ్రశ్రేణిలో నిలిచిన జోసెఫ్ కాన్రాడ్ ఆయనే.

కాన్రాడ్ 1857 డిసెంబరు 3న, నాడు రష్యా సామ్రాజ్యంలో, నేడు ఉక్రెయిన్‌లో ఉన్న బెర్డిచివ్‌లో జన్మించారు. తండ్రి కవి, షేక్‌స్పియర్ అనువాదకుడు. పోలండ్ స్వాతంత్ర్యం కోసం పనిచేసినందుకు జార్ ప్రభుత్వం ఆయన్ను కుటుంబంతో సహా దూరప్రాంతానికి పంపివేసింది. పన్నెండేళ్లు నిండకముందే తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయిన కాన్రాడ్, మేనమామ ఆదరణలో పెరిగి, 1874లో ఫ్రాన్స్ వెళ్లి ఓడల్లో చేరారు.

లోస్టాఫ్ట్‌లో ఆయనకు దొరికిన పని, న్యూకాసిల్ నుంచి బొగ్గు తెచ్చే చిన్న తెరచాప ఓడలో సాధారణ నావికుడి కొలువు. తూర్పు తీరపు నావికులే ఆయనకు గురువులు. వారి మాటల్లో చాలావాటికి నేలమీద ఒక అర్థం, నీటిమీద మరో అర్థం. ‘షీట్’ అంటే ఇంట్లో దుప్పటి. ఓడలో తెరచాపను అదుపుచేసే తాడు. ‘పెయింటర్’ అంటే ఊళ్లో రంగులు వేసేవాడు. రేవులో పడవను కట్టే తాడు. గాలివానలో ఆజ్ఞను అపార్థం చేసుకుంటే ప్రాణాలకే ముప్పు. అందుకే ఆయన ప్రతి మాటనూ అది సూచించే వస్తువుతో, పనితో కలిపి నేర్చుకున్నారు.

1884లో మద్రాసులో ఒక ఓడను విడిచి, బొంబాయిలో నార్సిసస్ అనే ఓడ ఎక్కారు. ఆ ప్రయాణంలో విన్న నావికుల యాసలు 1897లో వెలువడిన నవలకు ప్రాణం పోశాయి. పరీక్షల్లో మధ్యమధ్య తప్పినా పట్టు వీడక, 1886లో కెప్టెన్ అర్హత సాధించారు. బ్రిటిష్ పౌరసత్వం పొందిందీ ఆ ఏడాదే. తొలి నవల 1895లో వచ్చింది.

1906లో ప్రచురించిన సముద్ర వ్యాసాల్లో ఆయన పత్రికల ఇంగ్లీషునే తప్పుపట్టారు. లంగరును ‘కాస్ట్’ చేశారని, అంటే విసిరారని రాయడం సరికాదని, నావికులు దాన్ని ‘లెట్ గో’ చేస్తారని, అంటే వదులుతారని వివరించారు. పరాయి భాషగా నేర్చుకున్న వ్యక్తి, ఆ భాషలోనే పుట్టి పెరిగినవారికి నుడికారం చెప్పారు.

ఉచ్చారణలో పోలిష్ యాస మాత్రం ఆయన్ను కడదాకా విడువలేదు. 1924 ఆగస్టు 3న ఇంగ్లండ్‌లో కన్నుమూసే నాటికి, ఆయన పుస్తకాలు ఇంగ్లీషు సాహిత్యంలో స్థిరపడిపోయాయి.