పేద విద్యార్థుల పెద్దదిక్కు శ్రీ రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు

మహాసభా సమయమున వెలువడు సంచికలో ఒక మహనీయుని చరిత్రమును స్మరించుకొనుట మనలో ఆచారము. ఈ యేడు మన సభ ఖమ్మమునకును భద్రాచలపు టడవులకును నడుమ జరుగుచున్నది. చదువు నిమిత్తమై ఇల్లు విడిచి దూరదేశమునకు పోవు బీదబిడ్డల బాధ ఈ సీమవారికి తెలిసినంతగా మఱి యెవ్వరికిని తెలియదు. కావున అట్టి బిడ్డలకు అన్నము, గూడు, జీతము సమకూర్చుటయే జీవితవ్రతముగా గైకొన్న రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి చరిత్రమును ఈసారి యెన్నుకొంటిమి. ఆయన ఈ ప్రాంతమున పుట్టినవారు కారు. అయినను ఈ ప్రాంతమునకు ఆయనతో గల సంబంధము తెలియుటకు ఇచ్చటి పూర్వస్థితిని కొంచెము జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

గోదావరి ఒకప్పుడు ఇచ్చట రెండు రాజ్యములకు ఎల్లగా నుండెను. ఈవలి గట్టున ఖమ్మము, పాల్వంచ ప్రాంతములు నిజాము ప్రభువుల యేలుబడిలోనివి. ఆవలి గట్టున భద్రాచలము 1874లో మధ్యరాష్ట్రములనుండి చెన్నపురి రాజధానిలోని గోదావరి జిల్లాకు మాఱి, పిమ్మట 1959లో ఖమ్మము జిల్లాలో కలిసెను. ఖమ్మములో కళాశాల 1956 వఱకు లేదు. అంతకు పూర్వము ఉన్నత విద్య కావలెనన్నచో ఈవలి గట్టు బాలుడు, 1889లో బెజవాడ వఱకు పూర్తియైన నిజాము రైలుమార్గమున, హైదరాబాదు, సికింద్రాబాదులకు పోవలసినవాడు. ఆవలి గట్టు బాలుడు పడవనెక్కి పాపికొండల నడుమగా రాజమహేంద్రవరము చేరి, అచ్చటనో కాకినాడలోనో చదువుకొనవలసినవాడు. ఈ రెండు దారుల చివరలను గురుపీఠము నలంకరించినవారు నాయుడుగారు. 1899 మొదలు 1904 వఱకు సికింద్రాబాదులోని మహబూబు కళాశాలకును, 1904 మొదలు 1919 వఱకు కాకినాడలోని పిఠాపురము రాజావారి కళాశాలకును ఆయనయే అధ్యక్షులు.

నాయుడుగారు 1862వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన మచిలీబందరులో జన్మించిరి. తండ్రి అప్పయ్య నాయుడుగారు సైన్యములో సుబేదారు. తెలుగు చలనచిత్ర పరిశ్రమకు ఆద్యులని ప్రసిద్ధి గాంచిన రఘుపతి వెంకయ్య నాయుడుగారు వీరి తమ్ములు. తండ్రి యుద్యోగము కారణముగా బాల్యము ఉత్తరదేశమున గడచుటచే హిందీ, ఉర్దూ, పారసీ భాషలు వీరికి చిన్ననాటనే అలవడెను. పిమ్మట హైదరాబాదులోను, ఆ పైని చెన్నపురి క్రైస్తవ కళాశాలలోను చదివిరి. ఆ కళాశాలకు అధ్యక్షులుగా నుండిన మిల్లరు దొరగారు విద్యార్థులను సొంతబిడ్డలవలె చూచుకొనుటలో పేరుగన్నవారు. ఆ గురువు ప్రభావము నాయుడుగారిపై గాఢముగా పడినది. బ్రహ్మసమాజ ధర్మము కూడ ఆ దినములలోనే వారి హృదయమును ఆకర్షించెను. మానవులందఱును ఒకే తండ్రి బిడ్డలనియు, పుట్టుకచే హెచ్చుతగ్గులు లేవనియు ఆయన నమ్మి, ఆ నమ్మకమును దినచర్యలో అమలుజరిపిరి.

ఇరువది యేడేండ్ల ప్రాయమున ఆయనకు భార్యావియోగము సంభవించెను. బంధువులుండిరి, ఉద్యోగముండెను, వయస్సుండెను. అయినను ఆయన మరల వివాహమాడలేదు. అది మొదలు జీవితాంతము వఱకు తెల్లని వస్త్రములనే ధరించిరి. తన సంసారమని చెప్పుకొనదగినది లేకపోవుటచే, పరులబిడ్డలే వారి సంసారమైరి. ఉపాధ్యాయుని జీతము ఒక్కని పోషణమునకు మిక్కిలి. నలువురి బీదబిడ్డల చదువునకు కొంచెమే. ఆ కొంచెమునే ఆయన చివరి వఱకు పంచిపెట్టిరి.

బందరు నోబిలు కళాశాలలో ఆయన బోధించిన కాలమున భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు, ముట్నూరి కృష్ణారావుగారు, కోపల్లె హనుమంతరావుగారు ఆయన శిష్యులు. ఈ మువ్వురే పిమ్మట బందరులో ఆంధ్రజాతీయ కళాశాలను నిలిపినవారు. మంచి గురువునొద్ద చదివినవారు ఉద్యోగములతో తృప్తిపడక మఱికొందఱికి చదువు చెప్పించు దారి వెదకుదురనుటకు ఇంతకంటె నిదర్శన మక్కఱలేదు. అప్పుడే నాయుడుగారు భోగమేళములను, మద్యపానమును ఎదిరించి నిలిచిరి. పెద్దలయిండ్లలో వివాహమునకు మేజువాణి లేనిచో పరువు తక్కువయని తలచు ఆ దినములలో అది సులభమైన పని కాదు. శుభకార్యములలో వృథాగా పోవు ద్రవ్యము ఎచ్చటికి పోవలెనో ఆయనకు బాగుగా తెలియును.

సికింద్రాబాదులో అయిదేండ్లు పనిచేసి 1904లో కాకినాడకు వచ్చిరి. 1884లో కళాశాలయైన ఆ విద్యాలయము అప్పుడు పిఠాపురము సంస్థానమువారి పోషణమున నుండెను. సంస్థానాధిపతులైన రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు మహారాజుగారు నాయుడుగారిని గురువుగా భావించిరి. ఈ గురుశిష్యుల సంబంధమువలన కాకినాడలో జరిగిన మేలును మన దాతలు శ్రద్ధగా గమనింపవలెనని మా ప్రార్థన. మహారాజునకు విత్తమున్నది, ఏ బాలుడు ఏ పూట పస్తున్నాడో ఆయనకు తెలియుట యెట్లు? నాయుడుగారికి తరగతిలోని ప్రతి ముఖమును తెలియును. అందఱికిని చాలునంత విత్తము లేదు. ఒకరి ధనమునకు మఱియొకరి కన్ను తోడైనది. అందుచే దానము అడిగినవాని నోటిని బట్టిగాక, అవసరమున్నవాని కడుపును బట్టి చేరెను.

ఆ కూడికవలన కాకినాడలో అనాథశరణాలయము ఏర్పడెను. హరిజన విద్యార్థులకు ఉచితముగా భోజనము, నివాసము లభించు వసతిగృహము ఏర్పడెను. ఆ కాలమున హరిజన బాలుడు కళాశాల వఱకు వచ్చినను ఊరిలో అతనికి గది అద్దెకిచ్చువారు లేరు, పూటకూళ్ల యింట విస్తరి వేయువారు లేరు. జీతము మాఫీ చేసినంత మాత్రమున వాని చదువు సాగదు. ఈ సంగతి గ్రహించుటచే నాయుడుగారు జీతముతో ఆగక తిండికిని నీడకును ఏర్పాటు చేసిరి. ఆడుపిల్లలకు కళాశాల ద్వారములు తెఱచి, వారు మగపిల్లలతో సమముగా కూర్చుండి చదువునట్లు చేసిరి. బీదవిద్యార్థులు పలువురు వారి యింటనే భుజించి, వారి సొమ్ముతోనే జీతములు చెల్లించి పట్టభద్రులైరి. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు, గుడిపాటి వెంకటచలముగారు ఆ కళాశాలలో చదివినవారే. వారి దారులు వేఱైనను గురువుగారి ముద్ర ఇరువురియందును కలదు.

లోకము ఆయన గొప్పతనమును గుర్తింపకపోలేదు. 1924లో ప్రభుత్వమువారు సర్ బిరుదమిచ్చిరి. 1925 మొదలు 1928 వఱకు మద్రాసు విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా నుండిరి. ఆ నడుమనే, 1926లో, ఆంధ్రవిశ్వవిద్యాలయము వెలసెను. ప్రజలు మాత్రము బ్రహ్మర్షియనియే పిలిచిరి. 1939వ సంవత్సరము మే 26వ తేదీన కాకినాడలో ఆయన పరమపదించిరి.

ఇచ్చట ఒక చిక్కుప్రశ్న కలదు. దానిని దాటిపోవుట మాకు న్యాయముగా తోచలేదు. నాయుడుగారు మనవారని మనము గర్వముతో చెప్పుకొందుము. కాని ఆయన కులభేదమును అంగీకరింపనివారు. తన కులమువాడని ఎవనికిని ముద్ద యెక్కువ పెట్టలేదు, కానివాడని ఎవనికిని తక్కువ పెట్టలేదు. అట్టివాని చిత్రపటమును మన సభామంటపమున వ్రేలాడదీసి, మన విద్యార్థినిధిని మన యింటిపేళ్లవారికే కట్టిపెట్టుట పొసగునా?

కులసంఘముల వసతిగృహములు దేశమునకు మేలుచేయలేదని మేమనము. 1918లో హైదరాబాదున రాజబహదూరు వేంకటరామారెడ్డిగారి కృషిచే వెలసిన రెడ్డి వసతిగృహము తెలంగాణమున ఎందఱినో విద్యావంతులను జేసినది. తక్కిన కులములవారును తమతమ వసతిగృహములను కట్టుకొనిరి. పల్లెనుండి వచ్చిన పిల్లవానికి పట్టణమున తనవారను ధైర్యము వానివలన కలిగెను. అయినను ఏ సంఘమును లేనివాడు, దాత లేనివాడు, సభ జరుపుకొను శక్తి లేనివాడు ఎచ్చటికి పోవలెను? నాయుడుగారు మొదట వానినే వెదకిరి. ఆయనను మనవాడనుటకు మనకు హక్కు రావలెనన్నచో మనమును వానిని వెదకవలెను.

కాలము మాఱినది, ప్రభుత్వమువారే జీతములు చెల్లించుచున్నారు, ఇంక సంఘములకు పనియేమియని కొందఱనవచ్చును. నిజమే, బోధనరుసుములకును ఉపకారవేతనములకును పథకములు కలవు. గురుకులములు, గిరిజన వసతిగృహములు కలవు. భద్రాచలమువద్ద గోదావరిపై వంతెన కలదు. కాని ఉపకారవేతనము మంజూరగుటకు నెలలు పట్టవచ్చును. ఆకలి పూట యైనను ఆగదు. వసతిగృహమున చోటు దొరకనివాడు గది అద్దె, భోజనపు ఖర్చు, బస్సు ఛార్జీ, పరీక్ష రుసుము తానే కట్టుకొనవలెను. ఈ సీమలో తల్లిదండ్రుల రాబడి మిర్చి, ప్రత్తి పంటలపైనను, అడవి యంచున వేసవిలో కోయు తునికాకుపైనను ఆధారపడియున్నది. ధర పడిపోయిన యేడు అప్పు పెరుగును. గోదావరి భద్రాచలమువద్ద 1986లో 75.6 అడుగులును, 2022లో 71.3 అడుగులును వచ్చినది. అట్టి వరదలో ఇల్లు మునిగినవాడు మొదట ఇంటికప్పును చూచుకొనునా, కొడుకు చదువును చూచుకొనునా? చదువు మానినవారిలో తెలివి చాలక మానినవారికంటె, రెండు మూడు వేల రూపాయలు సమయమునకు చేతికందక మానినవారే మనకు తఱచుగా కనబడుచున్నారు.

కావున నాయుడుగారి చరిత్రమునుండి మేము గ్రహించిన నాలుగు మాటలను దాతల సన్నిధిని విన్నవించుకొనుచున్నాము.

మొదటిది, నిధి సంవత్సరమున కొకసారి సభలో పంచునది కాక నెలనెలయు చేరునది కావలెను. వేయి రూపాయలు ఒకమారిచ్చుటకంటె నెలకు నూఱు చొప్పున పదినెలలిచ్చుట విద్యార్థి కెక్కువ ఆదరువు.

రెండవది, ప్రతి విద్యార్థికిని ఒక పెద్దమనిషిని ఏర్పఱుపవలెను. ఖమ్మములోనో కొత్తగూడెములోనో భద్రాచలములోనో కాపురమున్న మనవారు నెలకొకసారి ఆ పిల్లవానిని ఇంటికి పిలిచి భోజనము పెట్టి కుశలమడిగినచో, వాని అవసరము వాడు చెప్పకయే తెలియును.

మూడవది, సాయము పట్టము పుచ్చుకొనుటతో ఆగరాదు. చదువు ముగిసి మొదటి జీతము వచ్చువఱకు గల నడిమికాలమే మిక్కిలి కష్టమైనది. వడ్డీవ్యాపారి చేతికి చిక్కునది అప్పుడే. ఆ కాలమునకు వడ్డీలేని బదులిచ్చి, సంపాదన మొదలైన పిమ్మట వీలునుబట్టి తిరిగి తీసుకొని, ఆ సొమ్మును వెనుకవచ్చు విద్యార్థికి ఇయ్యవలెను. పుచ్చుకొన్నవాడే ఇచ్చువాడగుటచే వానికి చిన్నతనము కలుగదు, నిధియు తఱుగదు.

నాలుగవది, సాయము పొందు బిడ్డను వేదికపైకి పిలిచి, చేతిలో కవరుంచి, ఛాయాచిత్రము తీయించు పద్ధతి మానవలెను. దాతపేరు ఈ సంచికలో అచ్చగుట న్యాయమే. పుచ్చుకొన్నవాని పేరు దాతకును ఆ పెద్దమనిషికిని తప్ప మూడవవానికి తెలియ నక్కఱలేదు. తన యింట తిన్నవారి జాబితాను నాయుడుగారు ఏ పత్రికలోను ప్రకటింపలేదు.

ఈ నాలుగింటితో పాటు, నిధిలో కొంతభాగమును కులముతో నిమిత్తము లేకుండ ఈ అడవి యంచు పల్లెల బీదవిద్యార్థులకు, అందు ముఖ్యముగా కోయగూడెముల పిల్లలకును ఆడుపిల్లలకును కేటాయింపవలెనని సభవారికి మా మనవి. ఇందులకు అభ్యంతరము చెప్పువారుందురు. మన బిడ్డలకే చాలదనువారుందురు. వారి మాట తీసివేయదగినది కాదు. మన బిడ్డలలోను బీదలు కలరు. కాని వివాహములలో ఒక్క పూట విందును తగ్గించినచో రెండు వర్గములకును చాలును. మేజువాణుల కాలమున బందరులో ఆయన చెప్పిన హితమే నేటి మన విందులకును వర్తించును.

భద్రాచలమునొద్ద ప్రవహించిన నీరే రాజమహేంద్రవరమును దాటి సముద్రమునకు పోవును. దారిలో ఏ గట్టు దప్పికగొన్నదో ఆ గట్టును తడపుటే నది ధర్మము. మన సంఘమువారి విత్తమును అట్లే ప్రవహించి, ఈ సీమలో అన్నము లేక చదువు మానిన బిడ్డ యొక్కడును లేని దినము త్వరలో వచ్చుగాక యని కోరుచు, ఆ మహనీయునకు నమస్కరించుచున్నాము.