ఉద్యానవన తత్త్వవేత్త

గ్రీసు దేశమునకు తూర్పుగా ఈజియన్ సముద్రమునందు సామోసు అను ద్వీపము కలదు. క్రీస్తుపూర్వము 341వ సంవత్సరమున ఎపిక్యూరసు ఆ ద్వీపమున జన్మించెను. తండ్రి పేరు నియోక్లీసు. తల్లి పేరు కైరెస్ట్రేటు. వారు ఏథెన్సు నగర పౌరులు. ఆ నగరమువారు సామోసును జయించి తమ ప్రజలకు అచటి భూములు పంచియిచ్చినప్పుడు వలస వచ్చిరి. పంచియిచ్చిన పొలము కుటుంబమునకు చాలకపోవుటచే నియోక్లీసు పిల్లలకు చదువు చెప్పి జీవించుచుండెను. తరువాతి కాలమున ఎపిక్యూరసును ద్వేషించినవారు, ఆతని తండ్రి స్వల్పవేతనమునకు అక్షరములు నేర్పెడి బడిపంతులనియు, తల్లి యింటింటికి పోయి దోషపరిహార మంత్రములు చదివెడిదనియు చెప్పి పరిహసించిరి. బడిపంతులు కొడుకగుట పరిహాసమునకు కారణమెట్లగునో వారికే తెలియవలెను.

ఆతని బాల్యమును గూర్చి యొక కథ కలదు. ఒకనాడు బడిలో హీసియడు అను ప్రాచీన కవి రచించిన సృష్టికావ్యమును చదువుచుండిరి. అన్నిటికంటె ముందు మహాశూన్యము పుట్టెనని అందు కలదు. అన్నిటికంటె ముందు పుట్టిన ఆ శూన్యము దేనినుండి పుట్టెనని బాలుడు ఉపాధ్యాయుని అడిగెను. అట్టి సంగతులు చెప్పుట తన పని కాదనియు, తత్త్వవేత్తలనబడువారు చెప్పుదురనియు ఉపాధ్యాయుడు తప్పించుకొనెను. అట్లయినచో తాను తత్త్వవేత్తలయొద్దకే పోవలెనని బాలుడు నిశ్చయించుకొనెను. అప్పటికి ఆతనికి పదునాలుగేండ్లు.

పదునెనిమిదవ యేట ఆతడు పౌరధర్మమైన సైనికశిక్షణకై ఏథెన్సునకు పోయెను. అది క్రీ.పూ. 323వ సంవత్సరము. ఆ యేడే అలెగ్జాండరు చక్రవర్తి బాబిలోనులో మరణించెను. ఆయన సేనానులు సామ్రాజ్యమునకై కలహించుకొనిరి. ఆ కలహములలో సామోసునందలి ఏథెన్సు ప్రజలు భూములు కోల్పోయి వెడలగొట్టబడిరి. నియోక్లీసు కుటుంబము ఆసియా తీరమునందలి కొలొఫోను పట్టణమునకు చేరెను. ఒక్క యుత్తరువుతో ఇల్లును పొలమును పోవుట చూచిన యువకుడు మనశ్శాంతి దేనివలన కలుగునని వెదకుట వింత కాదు. ఆతడు డెమొక్రిటసు పరమాణు సిద్ధాంతమును అభ్యసించెను. మిటిలీని, లాంప్సకసు పట్టణములలో పాఠములు చెప్పి, నమ్మకముగల మిత్రులను సంపాదించుకొనెను. క్రీ.పూ. 306 ప్రాంతమున వారితో ఏథెన్సునకు వచ్చి, నగరము వెలుపల 80 మీనాల సొమ్ముతో ఒక తోట కొనెను. ఒక మీనాయనగా నూరు ద్రాఖ్మాలు. ఆ తోటయే ఆతని పాఠశాల యయ్యెను. ఆతని సంప్రదాయమునకు ఉద్యానవనమను పేరు నిలిచెను.

ఆ తోటలోనికి స్త్రీలును వచ్చిరి, బానిసలును వచ్చిరి. లియోంటియను అను స్త్రీ థియోఫ్రాస్టసు వంటి పేరుపొందిన పండితునకు ప్రతివాదముగా గ్రంథము వ్రాసెను. మీసు అను బానిస గురువుతో సమానముగా కూర్చుండి తత్త్వచర్చ చేసెను. మనుష్యులను వస్తువులవలె అమ్మెడి ఆ కాలమున ఇది సామాన్య విషయము కాదు.

ఎపిక్యూరసు బోధించినదేమి? జీవితమునకు గమ్యము సుఖమని ఆతడు బోధించెను. ఈ యొక్క మాటయే ఆతనికి రెండువేల యేండ్ల అపకీర్తిని తెచ్చిపెట్టినది. అప్పుచేసి పప్పుకూడు తినుమని చెప్పిన గురువుగా లోకము ఆతనిని భావించెను. కాని ఆతడు చెప్పిన సుఖము దేహమునకు బాధ లేకుండుట, మనస్సునకు కలత లేకుండుట. ఎండలో దున్ని వచ్చిన రైతునకు జొన్నరొట్టెయు చల్లని నీరును ఇచ్చు తృప్తిని, ఆకలి లేని ధనికునకు పంచభక్ష్యములు ఈయజాలవు గదా! అన్నపానములవంటి సహజమైన అవసరములు సులభముగా తీరును. రుచులపై కోరిక సహజమే కాని అవసరము కాదు. కిరీటములపై, విగ్రహములపై, కీర్తిపై కోరిక సహజమును కాదు, అవసరమును కాదు, దానికి అంతమును లేదు. ఇట్లు కోరికలను విభజించి చూపెను. ఆతని భోజనము రొట్టెయు నీరును. తనకు విందు చేసికొన వీలగుటకై చిన్న కుండెడు జున్ను పంపుమని ఆతడొక మిత్రునకు వ్రాసెను. భోగలాలసుడని నిందింపబడినవాని విందు అంతమాత్రమే.

మనశ్శాంతిని చెరచునవి రెండు భయములని ఆతని యభిప్రాయము. ఒకటి దేవతల కోపమును గూర్చిన భయము, రెండవది మరణభయము. సర్వమును పరమాణువులతోను శూన్యముతోను ఏర్పడినదనియు, పిడుగులకును గ్రహణములకును ప్రకృతియే కారణమనియు ఆతడు చెప్పెను. (మన దేశమున కణాదుని వైశేషికమునందును పరమాణువాదము కలదు.) దేవతలు లేరని ఆతడు చెప్పలేదు; వారు పరిపూర్ణానందముతో ఉందురు గావున మానవుల వ్యవహారములలో కల్పించుకొనరనెను. మరణముతో ఆత్మ కూడ చెదరిపోవును గావున, అనుభవించువాడే లేనిచోట బాధ యుండదనెను. రాజకీయములనుండి తొలగి, ఎవరికిని తెలియకుండ జీవించుట మేలనియు బోధించెను. ఈ చివరి బోధ విమర్శకు తగినదే. అందరును తోటలో కూర్చుండినచో నగరమును కాపాడువారెవరు? ప్లూటార్కు అను రచయిత ఈ విషయమున ఆతనిని గట్టిగా ఖండించెను.

అయినను ఆ ప్లూటార్కే ఎపిక్యూరసు గుణమును తెలుపు ఒక సంగతిని భద్రపరచెను. క్రీ.పూ. 295–294లో దెమిత్రియసు అను రాజు ఏథెన్సును ముట్టడించెను. నగరమున కొలత గోధుమలు 300 ద్రాఖ్మాలకు అమ్ముడుపోయెను. ఒక యింట తండ్రీకొడుకులు ఆశ వదలుకొని కూర్చుండియుండగా, పైకప్పునుండి చచ్చిన యెలుక పడెనట. దానికై వారిద్దరును పెనుగులాడిరట. కన్నకొడుకుతోనే ఎలుకకై పోరాడవలసివచ్చిన ఆ దినములలో ఎపిక్యూరసు తనయొద్దనున్న చిక్కుడుగింజలను లెక్కపెట్టి, శిష్యులకు పంచి, వారిని బ్రతికించెను.

క్రీ.పూ. 270లో, 72వ యేట, ఆతడు మూత్రాశయమున రాయి పుట్టి పదునాలుగు దినములు బాధపడెను. చివరి దినమున మిత్రునకు జాబు వ్రాయుచు, బాధ మితిమీరియున్నదనియు, అయినను పూర్వపు సంభాషణల స్మరణానందము దానికి ఎదురు నిలిచినదనియు తెలిపెను. తనకంటె ముందు చనిపోయిన శిష్యుడు మెట్రొడోరసు పిల్లలను పోషింపుమని కోరెను. వీలునామాలో మీసును, మరి ముగ్గురు బానిసలను విడుదల చేసెను. పిదప వెచ్చని నీటితొట్టెలో కూర్చుండి, కొంత ద్రాక్షాసవము త్రాగి, తన బోధలను మరువవలదని మిత్రులతో చెప్పి కన్నుమూసెను.

ఆతని మరణానంతరము సుమారు 320 సంవత్సరములకు క్రైస్తవ ప్రచారకుడైన పౌలు ఏథెన్సునకు వచ్చెను. అచట ఎపిక్యూరసు అనుయాయులును స్తోయికులును ఆయనతో వాదించిరని అపొస్తలుల కార్యములు అను గ్రంథము చెప్పుచున్నది. తెలుగు బైబిలు వారిని ఎపికూరీయులని పిలిచినది. మృతులు మరల లేతురని పౌలు చెప్పగానే కొందరు నవ్విరి, కొందరు మరల విందుమనిరి, కొందరు విశ్వసించిరి. లోకమును దేవుడు కనిపెట్టి చూచుచున్నాడనియు, తీర్పు కలదనియు క్రైస్తవుల విశ్వాసము. ఎపిక్యూరసు మతమున ఈ రెండును లేవు. ఇక్కడ రాజీకి తావు లేకుండెను.

నడవడిలో మాత్రము రెండు సంఘములకును పోలికలు కలవు. ఇరువురును ఇండ్లలో గుమిగూడి, గురువుల జాబులను చదువుకొని, కలసి భుజించి, స్త్రీలను బానిసలను చేర్చుకొనిరి. అయితే యెరూషలేములోని తొలి క్రైస్తవులు ఆస్తులనమ్మి ఉమ్మడిగా పెట్టిరి; ఎపిక్యూరసు అట్లు చేయనీయలేదు. ఉమ్మడి సొత్తు ఒకరినొకరు నమ్మనివారికే కావలెనని ఆతని తలంపు.

క్రీస్తుశకము రెండవ శతాబ్దమున ఈ యిరువురును విచిత్రముగా ఒక్క పక్షమున నిలువవలసివచ్చెను. నల్లసముద్ర తీరమున అలెగ్జాండరు అను కపటప్రవక్త యొకడు పెంపుడు పామును దేవుడని చూపి, సోదె చెప్పి, ధనము గడించుచుండెను. ఆతని మోసమును ప్రశ్నించినవారు ఎపిక్యూరసు అనుయాయులు. ఆతనికి లొంగనివారు క్రైస్తవులు. ఆతడు తన యుత్సవములలో క్రైస్తవులు బయటికి పోవలెనని తాను కేకవేయగా, ఎపికూరీయులు బయటికి పోవలెనని జనులు బదులు పలుకునట్లు ఏర్పాటుచేసెను; ఎపిక్యూరసు గ్రంథమును నడివీధిలో అంజూరపు కట్టెలపై కాల్పించెను. లూషియను అను రచయిత ఈ వృత్తాంతమును వ్రాసియుంచెను.

రోమను సామ్రాజ్యము క్రైస్తవమును స్వీకరించిన తరువాత ఉద్యానవన సంప్రదాయము క్షీణించెను. లాక్టాంటియసు అను క్రైస్తవ పండితుడు దేవునికి కోపము లేదను వాదమును ఖండించుచు గ్రంథము వ్రాసెను. అగస్టీను ఉదారముగా పలికెను: మరణానంతర జీవితమునందు తనకు నమ్మకము లేకపోయినచో ఎపిక్యూరసునకే జయము ఇచ్చియుందునని తన ఆత్మకథలో ఒప్పుకొనెను. పదునాలుగవ శతాబ్దమున డాంటే మహాకవి ఆతనిని నరకమున మండుచున్న సమాధులలో ఉంచెను.

ఎపిక్యూరసు సుమారు 300 గ్రంథములు వ్రాసెనని చెప్పుదురు. సంపూర్ణముగా మిగిలినవి మూడు జాబులును, నలుబది ముఖ్య సూత్రములును, మరికొంత మాత్రమే. క్రీ.శ. 1647లో ఆతని జీవితచరిత్రను ప్రకటించి, భోగి అను నింద అబద్ధమని నిరూపించినవాడు ఫ్రాన్సు దేశపు క్రైస్తవ పురోహితుడగు గాసెండీ. పరమాణువులను దేవుడే సృష్టించెనని చేర్చి ఆయన ఆ సిద్ధాంతమును అంగీకరించెను. తరువాత 1752లో, ఇటలీలో అగ్నిపర్వతపు బూడిదక్రింద పూడిన హెర్క్యులేనియమునందలి యొక భవనమున, బొగ్గయిన గ్రంథపుచుట్టలు దొరకెను. వానిలో ఎపిక్యూరసు ప్రకృతిని గూర్చి వ్రాసిన మహాగ్రంథపు భాగములు కలవు. విప్పుటకు వీలుకాని చుట్టలను యంత్రసహాయమున చదువు ప్రయత్నము నేడును సాగుచున్నది.