పోస్టుకార్డు పుట్టింది ఇలా.. ఓ ఎకనామిక్స్ ప్రొఫెసర్ కథ

రెండు ముక్కల కబురుకీ పూర్తి ఉత్తరం ఖర్చు ఎందుకు? 1869లో ఈ ప్రశ్న లేవనెత్తింది ఆస్ట్రియాకు చెందిన ఇమ్మాన్యుయేల్ హెర్మన్.

ఆయన 1839లో క్లాగెన్‌ఫర్ట్‌లో పుట్టారు. సైనిక అకాడమీలో అర్థశాస్త్రం బోధించేవారు. చిన్న కబుర్లకు కవరు లేని చౌక కార్డు ఉండాలంటూ 1869 జనవరి 26న వియన్నా పత్రికలో వ్యాసం రాశారు. 1865లోనే జర్మనీలో హైన్రిష్ ఫాన్ స్టెఫాన్ ఇలాంటి ప్రతిపాదనే చేసినా అప్పట్లో అది అమలు కాలేదు. హెర్మన్ మాట మాత్రం ఆస్ట్రియా తపాలా శాఖ విన్నది. 20 పదాలు మించకూడదన్న ఆయన షరతును పక్కన పెట్టి, అక్టోబర్ 1న కార్డు తెచ్చింది.

ఉత్తరానికి 5 క్రాయిట్జర్లు, కార్డుకు 2. ఆ స్టాంపు కార్డుపైనే అచ్చయి ఉండేది. ప్రీస్టాంప్డ్ అంటే ఇదే: కొన్నప్పుడే తపాలా చార్జీ కట్టేసినట్టు. మామూలు బొమ్మల కార్డుకైతే స్టాంపు విడిగా అంటించాలి.

రాసింది దారిలో ఎవరైనా చదివేస్తే? అందులోని రాతలకు తమ బాధ్యత లేదని తపాలా శాఖ కార్డు మీదే ముద్రించింది. అయినా మూడు నెలల్లో దాదాపు 30 లక్షల కార్డులు అమ్ముడయ్యాయి.

పదేళ్లకు, 1879 జులై 1న, కార్డు మన దేశానికొచ్చింది. అప్పట్లో ఉత్తరానికి అర్ధణా, కార్డుకు పావు అణా. హెర్మన్ 1902లో వియన్నాలో కన్నుమూశారు.

ఇంట్లో పాత పోస్టుకార్డు ఉంటే ఓసారి తీసి చూడండి. స్టాంపు అంటించి ఉండదు, అచ్చయి ఉంటుంది.