జేమ్స్ విల్సన్: టోపీల వ్యాపారి రాసిన భారత తొలి బడ్జెట్

ఏటా జులై 24న మన దేశంలో ఆదాయ పన్ను దినోత్సవం జరుపుతారు. 1860లో అదే రోజున ఇక్కడ తొలి ఆదాయ పన్ను చట్టానికి ఆమోదం లభించింది. ఆ చట్టాన్ని తెచ్చిన జేమ్స్ విల్సన్ భారత్‌లో అడుగుపెట్టి అప్పటికి ఎనిమిది నెలలు కూడా నిండలేదు. ఆ తర్వాత పద్దెనిమిది రోజులకే ఆయన కలకత్తాలో కన్నుమూశారు.

ప్రపంచానికి విల్సన్ ‘ది ఎకానమిస్ట్’ పత్రిక వ్యవస్థాపకుడిగా తెలుసు. స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకుకు మూలమైన చార్టర్డ్ బ్యాంకును స్థాపించింది కూడా ఆయనే. కానీ ఆయన జీవితంలో అన్నిటికన్నా కఠినమైన పని మాత్రం ఇక్కడే ఎదురైంది. ఖజానాలో వరుసగా మూడేళ్ల లోటు, పెరిగిపోయిన సైన్యం, కొండలా పేరుకున్న అప్పు. వీటిని సరిచేయడానికి పన్ను వేయాలా, ఖర్చు తగ్గించాలా? పన్ను వేస్తే ఎవరి మీద వేయాలి? నేటికీ ప్రతి ఫిబ్రవరిలో వినిపించే ఈ ప్రశ్నలు ఈ దేశంలో ఒక పద్ధతిగా మొదట చర్చకు వచ్చింది అప్పుడే.

నీలిమందు దెబ్బ

విల్సన్ 1805 జూన్ 3న స్కాట్లాండ్‌లోని హవిక్ పట్టణంలో పుట్టారు. తండ్రి ఉన్ని మిల్లు యజమాని. కుటుంబానిది క్వేకర్ మతశాఖ. చిన్నతనంలోనే టోపీల తయారీలో పని నేర్చుకుని, ఇరవై ఏళ్లు నిండకముందే లండన్ చేరి ఆ వ్యాపారంలోనే నిలదొక్కుకున్నారు. ముప్పై ఏళ్లు వచ్చేసరికి మంచి స్థితిమంతుడయ్యారు.

1837 ప్రాంతంలో నీలిమందు ధర పెరుగుతుందని లెక్కవేసి పెద్ద మొత్తం పెట్టుబడి పెట్టారు. ధర పడిపోయింది. సంపాదించిన దానిలో ఎక్కువ భాగం పోయింది. అయినా దివాలా ప్రకటించకుండా, ఆస్తులు అప్పగించి అప్పులవాళ్లతో లెక్క తేల్చుకున్నారు. భారత్‌తో ఆయనకు మొదటి చేదు అనుభవం ఒక రకంగా అదే. అప్పట్లో లండన్ మార్కెట్‌కు నీలిమందు ప్రధానంగా బెంగాల్ నుంచే వెళ్లేది. ఇరవై రెండేళ్ల తర్వాత ఆయన కలకత్తాలో దిగేనాటికి, అదే బెంగాల్‌లో రైతులు నీలిమందు పండించం అంటూ తోటల యజమానులపై తిరగబడి ఉన్నారు.

నష్టం తర్వాత ఆయన కలం పట్టారు. బ్రిటన్‌లో ధాన్యం దిగుమతులపై ఉన్న సుంకాలు పేదలకే కాదు, భూస్వాములకు కూడా మేలు చేయవని వాదిస్తూ 1839లో ఒక చిన్న పుస్తకం ప్రచురించారు. 1843లో ‘ది ఎకానమిస్ట్’ మొదలుపెట్టారు. 1846లో ఆ ధాన్య చట్టాలు రద్దయ్యాయి. మరుసటి ఏడాది విల్సన్ పార్లమెంటు సభ్యుడయ్యారు. భారత వ్యవహారాలు చూసే నియంత్రణ మండలిలో కార్యదర్శిగా, ఆ తర్వాత 1853 నుంచి 1858 వరకు బ్రిటిష్ ఖజానా శాఖలో ఆర్థిక కార్యదర్శిగా పనిచేశారు.

ఈ ప్రయాణంలో ఒక చీకటి అధ్యాయం కూడా ఉంది. 1840లలో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట పోయి లక్షల మంది ఆకలితో చనిపోతుంటే, ప్రభుత్వం పెద్దఎత్తున సాయం చేయడాన్ని విల్సన్ పత్రిక వ్యతిరేకించింది. మార్కెట్‌ను కదపకూడదన్న నమ్మకం ఆయనలో అంత గట్టిగా ఉండేది. ఆ కరవు సాయాన్ని ఖజానా శాఖ నుంచి పొదుపుగా నడిపించిన అధికారి పేరు చార్లెస్ ట్రెవెల్యాన్. తర్వాత విల్సన్, ట్రెవెల్యాన్ అదే శాఖలో ఐదేళ్లు కలిసి పనిచేశారు. భారత్‌లో మాత్రం ఎదురెదురుగా నిలబడ్డారు.

తిరుగుబాటు ఖర్చు ఎవరి ఖాతాలో?

1857 తిరుగుబాటును అణచడానికి బ్రిటన్ నుంచి వేలాది సైనికులు వచ్చారు. ఆ సేనల ఖర్చు భారత ఖజానాపైనే పడింది. 1858లో కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చినప్పుడు, కంపెనీ చేసిన అప్పులను, దాని వాటాదారులకు ఇవ్వాల్సిన లాభాంశాన్ని కూడా భారత రెవెన్యూ నుంచే చెల్లించాలని చట్టం చేశారు. అంటే ఓడినవాళ్లే గెలిచినవాళ్ల ఖర్చులు కట్టాలి.

విల్సన్ చెప్పిన లెక్కల ప్రకారం మూడేళ్ల లోటు మొత్తం 3 కోట్ల పౌండ్లు దాటింది. అప్పటి మారకంలో అది 30 కోట్ల రూపాయలకు పైమాటే. కొత్తగా చేసిన అప్పు 3.8 కోట్ల పౌండ్లు. రాబోయే ఏడాదిలో మరో 65 లక్షల పౌండ్ల లోటు తప్పదని అంచనా. మళ్లీ అప్పు చేస్తే వడ్డీ భారం పెరుగుతుంది. లోటూ పెరుగుతుంది.

వైస్రాయ్ కానింగ్ మండలిలో ఆర్థిక వ్యవహారాలకే ప్రత్యేకంగా ఒక సభ్యుణ్ని పెట్టాలని లండన్ నిర్ణయించింది. బ్రిటన్‌లో మంత్రి స్థాయి పదవిని, పార్లమెంటు సీటును వదులుకుని విల్సన్ ఆ బాధ్యత తీసుకున్నారు. 1859 నవంబరు 29న కలకత్తా చేరారు. వెంటనే పర్యటనలో ఉన్న కానింగ్‌ను కలవడానికి మీరట్ దాకా వెళ్లారు. దారి పొడవునా కనిపించిన పంట పొలాలు, రద్దీ బజార్లు చూసి, ఈ దేశం దివాలా తీసింది కాదని, దాని ఖజానాకే సరైన దారి లేదని ఆయనకు అనిపించింది.

కొత్త పన్నులు, పాత మినహాయింపులు

1860 ఫిబ్రవరి 18న విల్సన్ శాసన మండలిలో తన ఆర్థిక ప్రకటన చదివారు. భారత తొలి బడ్జెట్‌గా చెప్పుకునేది దీన్నే.

అప్పటిదాకా ఖజానాకు ప్రధాన ఆధారం భూమి శిస్తు. ఆ తర్వాత నల్లమందు, ఉప్పు. అంటే భారం ఎక్కువగా రైతు మీద, ఉప్పు కొనే ప్రతి పేద ఇంటి మీద. కలకత్తాలో లక్షలు గడించే వర్తకుడు, పెద్ద జీతం తీసుకునే ఇంగ్లిష్ అధికారి, శాశ్వత శిస్తు ఒప్పందంతో ధీమాగా ఉన్న బెంగాల్ జమీందారు నేరుగా కట్టేది చాలా తక్కువ. మద్రాసు ప్రెసిడెన్సీలో అయితే ఈ తేడా ఇంకా కళ్లకు కట్టేది. మన తెలుగు జిల్లాల్లో మగ్గాల మీద, చేతివృత్తుల మీద, చిన్న దుకాణాల మీద మోతుర్ఫా పేరుతో పన్ను ఉండేది. నేతగాడు పన్ను కట్టేవాడు. అతని బట్టను ఓడకెక్కించి లాభం గడించినవారి ఆదాయం మీద ఏ పన్నూ ఉండేది కాదు.

విల్సన్ ఈ మినహాయింపునే గురిపెట్టారు. ఏడాదికి 200 నుంచి 500 రూపాయల లోపు ఆదాయం ఉన్నవారికి 2 శాతం, 500 దాటితే 4 శాతం పన్ను ప్రతిపాదించారు. ఆ 4 శాతంలో ఒక శాతాన్ని రోడ్లు, కాలువల వంటి ప్రజా పనులకు కేటాయించాలన్నారు. భూమి, వ్యాపారం, వృత్తి, బాండ్లు, జీతం... ఆదాయం ఏ రూపంలో వచ్చినా పన్ను పడుతుంది. యూరోపియన్లకు వేరే రేటు లేదు. తమ శిస్తు శాశ్వతంగా నిర్ణయమైంది కాబట్టి కొత్త పన్ను కుదరదన్న జమీందార్ల వాదనను ఆయన ఒప్పుకోలేదు. ఆ ఒప్పందం భూమి శిస్తుకే గానీ మిగతా పన్నులకు వర్తించదన్నారు. రాజు పన్ను వసూలు చేయడం ఇక్కడి సంప్రదాయానికి కొత్త కాదని చెప్పడానికి మనువును కూడా ప్రస్తావించారు.

దీనితోపాటు వృత్తి వ్యాపారాలపై లైసెన్సు పన్ను, పొగాకుపై సుంకం ప్రతిపాదించారు. కొన్ని దిగుమతులపై 20 శాతం దాకా పెరిగిన సుంకాన్ని 10 శాతానికి తగ్గించి, నూలుపై ఉన్న 5 శాతాన్ని 10కి పెంచారు. ఖర్చు వైపు కూడా చేయి పెట్టారు. సైనిక వ్యయాన్ని పరిశీలించే ఆర్థిక కమిషన్‌కు అండగా నిలిచారు. ప్రతి శాఖా ముందే అంచనా ఇవ్వాలి, ఖర్చును తర్వాత తనిఖీ చేయాలి అన్న పద్ధతిని ప్రవేశపెట్టారు. ప్రభుత్వమే కాగితం నోట్లు జారీ చేయాలన్న ఆయన ప్రతిపాదన, కొన్ని మార్పులతో, 1861లో చట్టమైంది.

మద్రాసు నుంచి ఎదురుగాలి

అందరికంటే గట్టిగా ఎదురుతిరిగింది జమీందార్లు కాదు, మద్రాసు గవర్నర్. ఆయన మరెవరో కాదు, ఖజానా శాఖలో విల్సన్ పాత సహచరుడు ట్రెవెల్యాన్.

ట్రెవెల్యాన్ వాదన సూటిగా ఉండేది. తిరుగుబాటు మంట ఇంకా పూర్తిగా ఆరలేదు. అలవాటు లేని పన్ను వేసి, ఇళ్లలో దూరి ఆదాయం ఎంతని అడిగితే జనం సహించరు. లోటుకు అసలు కారణం సైన్యం. యుద్ధం అయిపోయింది కాబట్టి సేనలను తగ్గిస్తే పన్ను అవసరమే రాదు. ఇదే విషయాన్ని ఆయన రాతపూర్వకంగా పంపి అక్కడితో ఆగి ఉంటే అది అధికారుల మధ్య అభిప్రాయభేదంగా మిగిలిపోయేది. కానీ ఆయన ఆ నోట్‌ను పత్రికల్లో వచ్చేలా చేశారు. ఒక ప్రెసిడెన్సీ గవర్నరే కేంద్ర ప్రభుత్వ పన్నును బహిరంగంగా తప్పుపట్టడం కలకత్తాను, లండన్‌ను కలవరపెట్టింది. 1860 మధ్యలో ట్రెవెల్యాన్‌ను వెనక్కి పిలిపించారు.

ఇద్దరిలో ఎవరి మాట సరైనది? పన్ను భారం పేదల మీదే ఉందన్న విల్సన్ మాట నిజం. లోటుకు మూలం సైనిక ఖర్చన్న ట్రెవెల్యాన్ మాటా నిజమే. అయితే వారిద్దరి వాదనలోనూ లేని మాట ఒకటుంది. ఆ పన్నును ఆమోదించిన శాసన మండలిలో ఒక్క భారతీయుడు కూడా లేడు. మండలిలోకి భారతీయులను నామినేట్ చేసే వీలు 1861 చట్టంతో గానీ రాలేదు. పన్ను ధనికుల మీద పడిందా, పేదల మీద పడిందా అన్నది ఒక ప్రశ్న. ఎందుకు కట్టాలో తేల్చే చోట కట్టేవాడు లేకపోవడం మరో ప్రశ్న. విల్సన్ మొదటి దానికి నిజాయతీగా సమాధానం వెతికారు. రెండోది ఆయన లెక్కలోకే రాలేదు.

లెక్క ఎలా కుదిరింది?

ఆ వేసవిలో, ఆ తర్వాత వచ్చిన వానల్లో విల్సన్ విశ్రాంతి లేకుండా పనిచేశారు. రక్త విరేచనాలు పట్టుకున్నా కలకత్తా విడిచి వెళ్లలేదు. 1860 ఆగస్టు 11న, 55 ఏళ్ల వయసులో చనిపోయారు. ఆయన అల్లుడు వాల్టర్ బేజెట్ మరుసటి ఏడాది ‘ది ఎకానమిస్ట్’ సంపాదకుడయ్యారు.

విల్సన్ స్థానంలో శామ్యూల్ లాయింగ్ వచ్చారు. రెండేళ్లలో లోటు దాదాపు మాయమైంది. అయితే దానికి కారణం ఆదాయ పన్ను ఒక్కటే కాదు. వసూళ్లు విల్సన్ ఆశించినంత రాలేదు. వేల మంది చిన్న ఆదాయాలను లెక్కగట్టడానికి అయ్యే శ్రమ, వేధింపుల ఫిర్యాదులు పెరిగాయి. లైసెన్సు, పొగాకు పన్నులు అమలుకు రాకుండానే పక్కకు పోయాయి. సైన్యాన్ని తగ్గించడమే ఖజానాకు ఎక్కువ ఊరట ఇచ్చింది. 1862లో 500 రూపాయల లోపు ఆదాయాలను పన్ను నుంచి తప్పించారు. తెలుగు జిల్లాల నేతగాళ్లను పీడించిన మోతుర్ఫా కూడా ఆ కాలంలోనే రద్దయింది.

1863లో ఆర్థిక సభ్యుడిగా మళ్లీ భారత్‌కు వచ్చింది ట్రెవెల్యానే. ఐదేళ్ల గడువుతో చేసిన ఆదాయ పన్ను చట్టాన్ని 1865లో ఆయన పొడిగించలేదు. కానీ పన్ను పోతే ఆ ఖాళీని ఏదో ఒకటి పూడ్చాలి. ఎగుమతి సుంకాలతో పూడ్చాలని చూస్తే లండన్ అడ్డుపడింది. రెండేళ్లు తిరక్కముందే 1867లో లైసెన్సు పన్ను, 1869లో మళ్లీ ఆదాయ పన్ను వచ్చాయి. 1873లో మరోసారి ఆపేసినా, 1886 చట్టంతో అది శాశ్వతంగా స్థిరపడింది. పన్నును వ్యతిరేకించిన వ్యక్తి దాన్ని పక్కన పెట్టినా, ఖజానాకు దాని అవసరం మాత్రం తప్పలేదు.

విల్సన్ సమాధి చాలాకాలం ఎవరికీ పట్టకుండా పడి ఉంది. 2007లో ఒక ఆదాయ పన్ను అధికారి కోల్‌కతాలోని మల్లిక్ బజార్ శ్మశానవాటికలో దాన్ని వెతికి పట్టుకున్నారు. విల్సన్ తెచ్చిన చట్టం ఐదేళ్లే బతికింది. రాబడి, ఖర్చులను ఏటా ముందే అంచనా వేసి, ఖర్చయ్యాక తనిఖీకి అప్పగించే పద్ధతి మాత్రం ఆగలేదు. ఆ అంచనాను ప్రశ్నించే హక్కు భారతీయులకు దక్కడానికి మరికొన్ని దశాబ్దాల పోరాటం పట్టింది.