కాశీ విశ్వవిద్యాలయంలో రాధాకృష్ణన్ గారు

సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిని గురించి వ్రాసేవారు సాధారణంగా ఆయన వేదాంత గ్రంథాలతో ఆరంభించి రాష్ట్రపతి భవనంతో ముగిస్తారు. 1942లో పోలీసులూ పటాలాలూ కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ప్రవేశించిన రోజుల్లో ఆయన నడచుకొన్న తీరును అంతగా తలచుకోరు. మేము ముఖ్యంగా దానినే చెప్పదలచాము.

వారి పూర్వులది నెల్లూరు సీమలోని సర్వేపల్లి. ఆయన పుట్టినది 1888 సెప్టెంబరు 5న, తిరుత్తణిలో. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, 1909లో ప్రెసిడెన్సీ కళాశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. 1918లో మైసూరు, 1921లో కలకత్తా. మైసూరు విడిచిన నాడు విద్యార్థులు బండి గుర్రాలను విప్పివేసి, తామే బండిని స్టేషనుదాకా లాక్కొని వెళ్లారు. రైల్వేలో పనిచేసే మేము ఎందరో పెద్దల వీడ్కోళ్లు చూశాము. ఇటువంటిది మాత్రం చూడలేదు.

1930లో శాసనోల్లంఘన కాలంలో దొరతనంవారి దమననీతికి నిరసనగా ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు పదవి వదలుకొన్నారు. ఆ స్థానంలోకి 1931లో వచ్చినవారు రాధాకృష్ణన్ గారే. ఆ ఏడే ఆయనకు సర్ బిరుదం లభించింది. 1936లో ఆక్స్‌ఫర్డులో ఆచార్యపీఠం. 1939లో మదనమోహన మాలవీయగారి తర్వాత కాశీ విశ్వవిద్యాలయ భారం ఆయనపై పడింది. మొదట్లో కలకత్తా ఉద్యోగం చూసుకొంటూనే, వారం వారం రైలెక్కి కాశీ వచ్చి పనులు చక్కబెట్టి వెళ్లేవారు. అందుకు జీతం పుచ్చుకోలేదు.

ఆ విశ్వవిద్యాలయానికీ పోలీసులకూ మధ్య పొరపొచ్చం శంకుస్థాపననాటిదే. 1916 ఫిబ్రవరిలో వైస్రాయి హార్డింజి ప్రభువు వచ్చినప్పుడు కాశీ నగరమంతా రహస్య పోలీసులను నింపారు. ప్రజలమీద ఇంత అపనమ్మకమా అని ఆ ఉత్సవ సభల్లో ఒకదానిలో గాంధీగారు విమర్శించగా అనిబిసెంటమ్మగారు అడ్డుపడ్డారు. సభ అర్ధాంతరంగా ముగిసింది. 1942 జనవరిలో రజతోత్సవానికి ఆ గాంధీగారే మళ్లీ వచ్చి ప్రసంగించారు. అప్పటికి వైస్ ఛాన్సలర్ మన రాధాకృష్ణన్ గారు.

ఏడు నెలలు తిరిగేసరికి ఆగస్టు ఉద్యమం వచ్చింది. 9వ తేదీన నాయకులను నిర్బంధించగానే విద్యార్థులు కాశీ వీధుల్లోకి దిగారు. పోలీసులు లాఠీలతో ఆగలేదు, తుపాకులు కూడా పేల్చారు. కొందరు విద్యార్థులు క్విట్ ఇండియా సందేశం పట్టుకొని పల్లెలకు పోయారు. ఆ తూర్పు జిల్లాల్లో పట్టాలు ఊడదీశారు, తంతి తీగెలు తెంచారు, స్టేషన్లు తగులబెట్టారు. తంతి మూగబోతే అధికారులకు ఎంత గాభరా పుడుతుందో మా శాఖవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ ఆగ్రహం విశ్వవిద్యాలయంమీదికి మళ్లింది. సాయుధ బలగాలు ఆవరణను ఆక్రమించాయి, చదువులు ఆగిపోయాయి. గవర్నరు సర్ మారిస్ హాలెట్ దొర ఆ ప్రాంగణమంతా యుద్ధ వైద్యశాలగా మార్చివేయాలని తలపెట్టారు.

రాధాకృష్ణన్ గారు రాజీనామా ఇవ్వలేదు. వెంటనే ఢిల్లీ వెళ్లి వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువును కలుసుకొని, ఆ ప్రయత్నం మాన్పించారు. సర్ బిరుదం ఆ రోజున అక్కరకు వచ్చిందేమో! గవర్నరు ఊరుకోలేదు, విశ్వవిద్యాలయానికి ఇచ్చే ధనసహాయం నిలిపివేశారు. అప్పుడు ఆక్స్‌ఫర్డు ఆచార్యులు జోలె పట్టినట్టే దేశమంతా తిరిగి విరాళాలు పోగుచేశారు. పోలీసులకు ఎదురు నిలిచినవారి కథలు మనం చెప్పుకొంటాము గాని, ఆ తర్వాత సంస్థ ఖర్చులకు డబ్బు తెచ్చినవారిని తలచుకోము.

రామలింగారెడ్డిగారి దారే దొడ్డదని మేము ఒకప్పుడు అనుకొనేవారము. ఇప్పటికీ అది చిన్నదనము. కాని వాల్తేరులో వైస్ ఛాన్సలర్ పదవి విడిచినా విశ్వవిద్యాలయం మిగిలింది. కాశీలో ఈయన తప్పుకొని ఉంటే తాళపుచెవులు ఎవరి చేతికి పోయేవి? తరగతి గదుల్లో బల్లలు తీసి రోగుల మంచాలు వేసేవారు. ఉద్యమంలోకి దూకకుండా, అధికారులకు లొంగకుండా నడుమ నిలబడడం పేరు తెచ్చే పని కాదు. ఆయన ఆ పనే చేశారు.

విద్యార్థులు తిరిగి వచ్చారు, పాఠాలు మొదలైనాయి. 1948దాకా ఆయన అక్కడే ఉన్నారు. తరువాత మాస్కోలో రాయబారిత్వం, 1952లో ఉపరాష్ట్రపతిత్వం, 1962 మొదలు 1967 వరకు రాష్ట్రపతిత్వం అందరెరిగినవే. రాష్ట్రపతి అయినవారు ఆ విశ్వవిద్యాలయానికి విజిటరు కూడా అవుతారు గనుక, ఒకనాడు తాము కాపాడిన సంస్థకు ఆ ఐదేళ్లూ ఆయనే పెద్ద దిక్కు. 1975 ఏప్రిల్ 17న మద్రాసులో కన్నుమూశారు.