కలివికోడిని లోకమునకు తెలిపిన జెర్డన్

ఆంధ్రదేశపు పక్షుల చరిత్రలో థామస్ జెర్డన్ పేరు చిరస్మరణీయము. ఆయన 1811వ సంవత్సరమున ఇంగ్లండులోని డర్హాము మండలమున జన్మించెను. ఎడింబరోలో వైద్యవిద్య నభ్యసించి, ఈస్టిండియా కంపెనీ కొలువున చేరి చెన్నరాజధానికి వచ్చెను. రోగులకు మందిచ్చుట ఆయన వృత్తి. పశుపక్ష్యాదుల నెఱుగుట ఆయన వ్రతము. నెల్లూరున వైద్యుడుగ నుండగా అడవి తెగలవారితో పరిచయము చేసికొని, ప్రాణుల పేర్లను, నడవడిని వారివలన తెలిసికొనెను. తాను ప్రకటించిన పక్షుల చిత్రగ్రంథమునకు దేశీయులచేతనే బొమ్మలు వ్రాయించెను.

నెల్లూరు, కడప సీమల చిట్టడవులలో ఆయనకొక వింతపక్షి లభించెను. అది పగలు తుప్పలలో దాగి, రాత్రివేళ తిరుగును. రొమ్మున రెండు పట్టెలుండును. మనవారు దానిని కలివికోడి యందురు. 1848లో దానికి శాస్త్రనామము కలిగినది. ఆంగ్లమున జెర్డన్ పేరే దానికి స్థిరపడినది. తరువాత ఆయన భారతదేశపు పక్షులను గూర్చిన మహాగ్రంథమును 1862 మొదలు 1864 వఱకును, క్షీరదములను గూర్చిన గ్రంథమును 1867లోను వెలువరించి, 1872లో ఇంగ్లండున మరణించెను.

పక్షి కథ అంతటితో ముగియలేదు. 1900లో అనంతపురము వద్ద కనబడిన పిమ్మట అది మాయమైనది. నశించినదని పలువురు తలచిరి. ఎనుబదియాఱేండ్లకు, 1986 జనవరిలో, కడప మండలమున స్థానికుడైన యొక వేటగాని చేతికి అది సజీవముగ చిక్కెను. ఆ పట్టుబడిన పక్షి బ్రతుకలేదు. కాని జాతి యింకను కలదని తెలిసినది. లంకమల అడవిని అభయారణ్యము గావించిరి. తెలుగు గంగ కాలువ త్రోవను సైతము దానికొఱకు కొంత మార్చిరి. అయినను ఇటీవల దాని జాడ మిక్కిలి అరుదైపోయినది.

నేడు శాస్త్రజ్ఞులు నశించిన ప్రాణులను జీవకణముల సాయమున మరల పుట్టింప యత్నించుచున్నారు. స్పెయిను పర్వతములలోని యొక కొండమేక జాతి 2000లో అంతరించెను. భద్రపఱచిన కణములనుండి 2003లో ఒక పిల్లను పుట్టించిరి. ఊపిరితిత్తుల లోపముచే అది కొద్ది నిమిషములకే మరణించెను. మన హైదరాబాదు శాస్త్రజ్ఞులును చీతాను ఇట్లు సృష్టింప సంకల్పించిరి; ఇరాను కణముల నీయ నంగీకరింపలేదు.

మానవుడు చెఱచినదానిని మానవుడే సరిదిద్దుట ధర్మము కాదా యని కొందఱడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. ఆ విద్యను నిందింప నక్కఱలేదు. రోగగ్రస్తములైన జాతులకు అది యొకనాడు తోడ్పడవచ్చును. కాని ఋణములలో ముందువెనుకలు కలవు. బ్రతికియున్నదానిని ఆకలికి విడిచి, చనిపోయినదానికి పల్లకి కట్టుట ధర్మము కాదు. పైగా, పుట్టించిన పిల్లకు పాలిచ్చు తల్లి యేది? మేత చూపు మంద యేది? నిలువ నీడ యేది? కలివికోడిని రేపు ప్రయోగశాలలో పుట్టింపగలిగినను, దానిని విడుచుటకు ఆ తుప్పల నేలయే కావలెను. ఆ నేల నిలిచినచో మిగిలిన పక్షులు తామే పిల్లలను పెట్టును; నిలువనిచో ఏ విద్యయు వాటిని కాపాడజాలదు.

జెర్డన్ కాలమున పక్షి నెఱుగుటయనగా తఱచుగా దానిని కాల్చి చర్మము నిలువచేయుటయే. ఆ చర్మములు వస్తుప్రదర్శనశాలలలో నున్నవి. ఆ పద్ధతిని మనమనుసరింప బనిలేదు. అడవినెఱిగినవానిని అడిగి తెలిసికొను గుణము మాత్రము గ్రహింపదగినది. మన యూరి పొలిమేరలోని తుప్పల భూమిని పనికిరాని బంజరని దున్నించుటకు ముందు, అచ్చట రాత్రివేళ ఏమి తిరుగుచున్నదో గొఱ్ఱెలకాపరి నొకమాఱడుగుదుము గాక.