తొలి ముఖ్యమంత్రి శ్రీ కె.సి. రెడ్డి గారు

కన్నడ సీమలో స్థిరపడిన తెలుగువారు కృతజ్ఞతతో స్మరించుకొనవలసిన మహనీయులలో శ్రీ క్యాసంబళ్లి చెంగలరాయ రెడ్డి గారు ఒకరు. మైసూరు రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి ఆయనే. అయినను నేటి విద్యార్థులలో ఆ పేరు ఎరిగినవారు కొద్దిమందే.

రెడ్డి గారు 1902 మే 4వ తేదీన కోలారు జిల్లా క్యాసంబళ్లి గ్రామంలో జన్మించారు. బంగారు గనులకు చేరువనున్న ఆ ప్రాంతంలో తెలుగు, కన్నడ భాషలు అక్కచెల్లెళ్లవలె కలసి మెలసి వర్ధిల్లుతున్నవి. న్యాయశాస్త్ర పట్టభద్రులైన ఆయన ప్రజాసేవనే జీవిత మార్గంగా ఎంచుకొన్నారు.

మైసూరు సంస్థానంలో ప్రజాప్రతినిధి సభ 1881లోనే దివాన్ రంగాచార్లు గారి కాలంలో ఏర్పడింది. 1907లో శాసన మండలి తోడయింది. దేశంలోని సంస్థానాలలో ఇది ఘనమైన ముందడుగే. కాని ప్రతినిధులు ప్రజల కష్టసుఖాలను విన్నవించుకొనగలరే తప్ప, ప్రభుత్వాన్ని మార్చగల అధికారం వారికి లేదు. దివాను మహారాజునకే బాధ్యుడు, సభకు కాదు. అడుగుట ప్రజల వంతు, ఆలకించుట ప్రభువుల దయ. ఈ లోటును తీర్చి, ప్రభుత్వాన్ని ప్రజలకు బాధ్యత వహించునట్లు చేయుటయే రెడ్డి గారి జీవితధ్యేయమైంది.

1930లో ఆయన సహచరులతో కలసి ప్రజాపక్షమును స్థాపించి రైతుల సమస్యలను చేపట్టారు. కొన్నేండ్లకు అది ప్రజామిత్ర మండలితో కలసి ప్రజా సంయుక్త పక్షమై, పిదప కాంగ్రెసులో విలీనమైంది. మైసూరు కాంగ్రెసునకు ఆయన రెండు పర్యాయములు అధ్యక్షత వహించారు. ఆ ఉద్యమం సులభసాధ్యం కాలేదు. 1938 ఏప్రిల్ 25న విదురాశ్వత్థంలో జరిగిన కాల్పులలో పలువురు ప్రాణములర్పించారు.

1947 ఆగస్టు 15న దేశమంతట స్వాతంత్ర్య పతాకం ఎగిరినను, మైసూరులో బాధ్యతాయుత ప్రభుత్వం ఏర్పడలేదు. సెప్టెంబరులో ‘మైసూరు చలో’ సత్యాగ్రహం ఆరంభమైంది. రెడ్డి గారు, ఇతర నాయకులు నిర్బంధితులయ్యారు. ప్రజల పట్టుదలకు ప్రభుత్వం తలయొగ్గింది. అక్టోబరు 25న ఆయన ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేశారు. కారాగారం నుండి అధికార పీఠానికి కొద్ది వారములే పట్టినను, ఆ ప్రయాణం వెనుక పదిహేడేండ్ల కృషి ఉన్నది.

భారత రాజ్యాంగ పరిషత్తులోనూ ఆయన సభ్యులు. ఆయన పాలనాకాలంలోనే మైసూరు భారత రాజ్యాంగమును అంగీకరించింది. 1949లో నగరము, దండు ప్రాంతము ఏకమై బెంగళూరు నగరపాలక సంస్థ ఏర్పడింది. 1951 జూలై 13న ప్రధాని నెహ్రూ గారు విధానసౌధకు శంకుస్థాపన చేసినప్పుడు ముఖ్యమంత్రి రెడ్డి గారే. ఆ సౌధమును నేటి బృహద్రూపంలో నిర్మింపజేసిన కీర్తి, 1952లో ఆయన అనంతరం వచ్చిన శ్రీ కెంగల్ హనుమంతయ్య గారిది.

పదవి మారినను రెడ్డి గారి సేవ ఆగలేదు. కేంద్రమంత్రిగా ఉత్పత్తి, వాణిజ్య పరిశ్రమల వంటి శాఖలు నిర్వహించారు. 1957లో కోలారు నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1965లో మధ్యప్రదేశ్ గవర్నరుగా నియమితులయ్యారు. 1976 ఫిబ్రవరి 27న పరమపదించారు.

నేడు విధానసభలో ఒక సామాన్యుని ప్రతినిధి లేచి ప్రశ్నించినప్పుడు మంత్రి సమాధానం చెప్పక తప్పదు. ఆ ఆనవాయితీయే రెడ్డి గారి నిజమైన స్మారకం. మాతృభాషలో విద్య నేర్చి, ఈ నేలను తమదిగా భావించి సేవించదలచిన మన బాలబాలికలకు ఆయన జీవితం ఆదర్శప్రాయం.